అర్థమునకు మేర

మన యిండ్లలో వ్రతము గాని గృహప్రవేశము గాని జరుగునపుడును, అంగళ్లలో క్రొత్త లెక్కల పుస్తకము తెఱచునపుడును, పురోహితుడు యజమానిచే ఆచమనము చేయించి, చేతికి అక్షతలిచ్చి సంకల్పము చెప్పించును. దేశకాలములు, గోత్రనామములు ముగిసిన పిమ్మట ధర్మార్థకామమోక్షములను నాలుగు పురుషార్థముల సిద్ధి అందు కోరబడును. యజమాని తల యూచి నీరు విడుచును. తాను కోరినదేమో ఆయన యడుగడు. అడిగినను చెప్పుటకు పురోహితునకు తీరిక యుండదు, ఆ పూట ఆయనకు మఱి రెండు ముహూర్తములు గలవు. కొంతకాలము క్రిందట ఒక పట్టణమున చిన్న ఋణములిచ్చు సంస్థ యొకటి క్రొత్త కార్యాలయము తెఱచుచుండగా మేము చూడ తటస్థించినది. అచ్చటను ఇదే సంకల్పము, ఇవే నాలుగు మాటలు. గోడకు లక్ష్మీదేవి పటము. దాని క్రింద వసూలు కావలసిన బాకీల పట్టిక. ఆ పటమునకును పట్టికకును నడుమ నున్న జానెడు గోడయే ఈ వ్యాసము వ్రాయ మాకు బుద్ధి పుట్టించినది.

పురుషార్థముల విచారణ ముసలితనమున చేయదగినదని చదువుకొన్నవారు సైతము భ్రమపడుచున్నారు. అరువది యేండ్ల వఱకు ధనము, అటుపిమ్మట ధర్మము అని వారు ఆయుస్సును రెండు గదులుగా కట్టుకొన్నారు. ఈ విభాగమునకు ఆధారము శాస్త్రములలో లేకపోలేదు. వాత్స్యాయనుడు బాల్యమున విద్య మొదలగు అర్థమును, యౌవనమున కామమును, వార్ధకమున ధర్మమోక్షములను సేవింపుమనెను. కాని ఆయుస్సు నిలుకడ లేనిది గనుక ఎప్పటికేది లభించునో అప్పటికది సేవింపవచ్చునని ఆయనయే వెంటనే సవరించెను. మనవారు మొదటి మాటను గట్టిగా పట్టుకొని రెండవ మాటను హాయిగా విడిచిరి.

దీనికి తోడు, మనది వైరాగ్యపు దేశమనియు, ఇహమును గూర్చి మన పూర్వులు తలపోయలేదనియు పరదేశ పండితులు కొందఱు వ్రాయగా, మనమును నమ్మి కొంతకాలము గర్వించితిమి, మఱికొంతకాలము సిగ్గుపడితిమి. 1905లో మైసూరు ప్రాచ్య గ్రంథాలయమున శామశాస్త్రిగారు కౌటిలీయార్థశాస్త్రపు తాళపత్ర ప్రతిని వెలికిదీసి, 1909లో అచ్చొత్తించిన పిదప ఆ మాట అనుటకు నోరు లేకపోయినది. గనులు, పంటలు, తూనికలు, కూలి, వడ్డీ, జూదము — రాజ్యమున ఒక పైస కదలు త్రోవలన్నియు అందు గలవు. ఆంధ్రరాజగు హాలుడు పల్లెపడుచుల వలపులు పలుకు ఏడు వందల ప్రాకృత గాథలను కూర్చెనని ప్రసిద్ధి. ఇట్టివారి సంతతికి సంపదయన్నను సుఖమన్నను ద్వేషమని చెప్పుట వింత.

మహాభారతమున శాంతిపర్వములో ఒక ఘట్టము గలదు. అంపశయ్యపై నున్న భీష్ముడు మాటలాపి విశ్రమింపగా, పాండవులు ఇంటికి మరలిరి. అప్పుడు ధర్మరాజు తమ్ములను, విదురుని చేరదీసి, ధర్మార్థకామములలో ఏది మేలైనదని యడిగెను. యుద్ధము ముగిసినది, బంధువులందఱు మడిసిరి, రాజ్యము చేతికి వచ్చినది. దానితో ఏమి చేయవలయునో తెలియని వాని ప్రశ్న యది. విదురుడు ధర్మమే ఉత్తమమనియు, అర్థము మధ్యమమనియు, కామము అధమమనియు చెప్పెను. అర్జునుడు ఒప్పుకొనలేదు. ఇది కర్మభూమి, సేద్యము, వర్తకము, పశుపాలనము, శిల్పములు ఇక్కడ పని. ఈ పనులన్నిటి పర్యవసానము అర్థమే, అది లేనిది ధర్మకామములు రెండును నడువవని ఆయన వాదము. నకులసహదేవులు ధర్మముతో కూడిన అర్థమును, అర్థముతో కూడిన ధర్మమును కోరిరి. భీముడు మాత్రము కోరిక లేనివాడు సంపాదింపనే సంపాదింపడు, తపస్సు చేయు ఋషులను సైతము ఏదో ఒక కోరికయే కూర్చుండబెట్టినదని వాదించెను. అయినను మూటిని సమముగా సేవింపుమనియు, ఒక్కదానినే పట్టుకొన్నవాడు నీచుడనియు చెప్పి ముగించినది ఆ భీముడే! అందఱును చెప్పిన పిమ్మట ధర్మరాజు, పుణ్యపాపములందును, బంగారమందును మట్టిబెడ్డయందును సమబుద్ధి గల మోక్షమే తనకు మేలని పలికెను. పలికి అడవికి పోయెనా? పోలేదు. సింహాసనమునందే యుండి ముప్పదియాఱేండ్లు ప్రజాపాలనము చేసెను.

ఈ ఘట్టమున మమ్ము ఆకర్షించునది ఏమనగా, వ్యాసుడు ఒక్కని నోటనే సత్యమంతయు పెట్టలేదు. అర్జునుని మాటయు నిజమే. పొయ్యిలో పిల్లి లేవని యింట ధర్మబోధ చేయువాడు పరిహాసపాత్రుడగును. మన జాతీయోద్యమ నాయకులు ఈ సంగతి బాగుగా నెఱిగినవారు. తిలక్ మహాశయుడు 1910–11 చలికాలమున మాండలే చెఱసాలలో వ్రాసి, 1915లో ప్రకటించిన గీతారహస్యములో కర్మత్యాగమును గాక కర్మయోగమునే సిద్ధాంతీకరించెను. గాంధీమహాత్ముడు 1925 అక్టోబరు 22వ తేదీ యంగ్ ఇండియాలో ఒక మిత్రుడు పంపిన ఏడు సాంఘిక పాపముల పట్టికను ప్రకటించినపుడు, శ్రమ లేని ధనమును, అంతరాత్మ లేని భోగమును, నీతి లేని వర్తకమును అందుండెను. ధనమును గాని భోగమును గాని వర్తకమును గాని ఆ పట్టిక పాపమనలేదు. పక్కనుండవలసిన రెండవ వస్తువు లేకపోవుటయే పాపమనెను.

మన తెలుగునాట బ్రాహ్మణులలో పెక్కండ్రు ఆపస్తంబసూత్రులు. సంధ్యావందనమున ఆ పేరు చెప్పుకొందురే గాని సూత్రము తెఱచి చూచువారు అరుదు. ఆ ధర్మసూత్రమున ఒక మామిడిచెట్టు ఉపమానము గలదు. పండు కొఱకు మామిడి నాటినవానికి నీడయు పరిమళమును వెంట వచ్చినట్లే, ధర్మమును ఆచరించువానికి అర్థములు వెంట వచ్చునని దాని భావము. మేము దీనిని అక్షరాల నమ్ముమని చెప్పము. ధర్మముగా బ్రదికి దరిద్రులుగా మడిసినవారిని మేమెఱుగుదుము, పాఠకులును ఎఱుగుదురు. కౌటిల్యుడు ఇంకొక త్రోవను ఇదే తావునకు వచ్చెను. త్రివర్గములో అర్థమే ప్రధానమని చెప్పిన ఆ కరకు రాజనీతిజ్ఞుడు కూడ, ధర్మార్థములకు విరోధము లేని కామమునే సేవింపుమనియు, మూటిలో ఏ యొక్కటి మితి మీఱినను అది తన్నును పాడుచేసికొని తక్కిన రెంటిని పాడుచేయుననియు హెచ్చరించెను. అర్థమునకు మేర గలదన్న సంగతి సన్న్యాసులు కనిపెట్టినది కాదు. లెక్కలు వ్రాసినవారే కనిపెట్టినది.

ఆ మేరను వారు నోటిమాటగా విడువక అంకెలలో వ్రాసిరి. అర్థశాస్త్రమున నూఱు పణములకు నెలకు 1¼ పణము ధర్మ్యమైన వడ్డీ. అనగా ఏటికి నూటికి 15. వ్యాపారపు అప్పునకు నెలకు 5, అడవిత్రోవల తిరుగువారికి 10, సముద్రముపై పోవువారికి 20. అపాయమును బట్టి వడ్డీ పెరుగునన్న నేటి బ్యాంకువారి సూత్రమును ఆయన ఎఱుగని వాడు కాడు. కాని అంతకు మించి పుచ్చుకొనువానికిని, ఆ బేరము కుదిర్చినవానికిని దండనము. విని ఊరకున్న సాక్షికి సగము దండనము. దీర్ఘరోగి, బాలుడు, గురుకులమున నిలిచిపోయినవాడు, ఏమియు లేని నిరుపేద — వీరిపై ఋణము పెరుగరాదని మఱియొక నియమము. గౌతమ మనుస్మృతులు వడ్డీ ఎన్నడును అసలును మించి రాదనినవి. ఈ చివరి సూత్రము బొంబాయి రాజధానిలోను, కలకత్తా నగరములోను దామ్‌దుపట్ అను పేర ఇంగ్లీషు న్యాయాధిపతుల కాలమునందును చెల్లినది. ఇవి పారాయణ గ్రంథములలోని పుణ్యవాక్యములు కావు, అమలు జరుపుటకై వ్రాసిన విధులు.

ఇచ్చట ఒక చేదు సంగతిని దాచిపెట్టుట మాకిష్టము లేదు. ఆ మనుస్మృతియే బ్రాహ్మణునివద్ద నెలకు నూటికి 2, క్షత్రియునివద్ద 3, వైశ్యునివద్ద 4, శూద్రునివద్ద 5 చొప్పున వడ్డీ తీసికొనవచ్చునని వ్రాసినది. చెమటోడ్చువానికే ఎక్కువ వడ్డీ! దీనిని ధర్మమని మేమొప్పుకొనము. పూర్వుల మాట కాదని యెట్లు త్రోసివేయుదురని యడుగువారికి పూర్వుల మాటతోనే సమాధానము గలదు: ధర్మము లేని అర్థకామములను విడువుమని చెప్పిన ఆ స్మృతియే, చివరకు దుఃఖమును తెచ్చునదియు లోకము ఆక్రోశించునదియు నైన ధర్మమును సైతము విడువుమని నాలుగవ యధ్యాయమున చెప్పినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినపుడు చేసినది ఇదే. 1856లోనే చట్టము వచ్చినను ఇరువదియైదేండ్లు కాగితముపైననే యుండెను. ఊహ తెలియకముందే పెనిమిటిని గోల్పోయిన బాలికకు కామమును గృహస్థధర్మమును రెంటిని ఒక్కసారిగా నిషేధించి, మోక్షము కొఱకు జపము చేసికొమ్మనిన సంఘము పురుషార్థములు నాల్గింటిని మనుష్యులందఱికి గాక తన మగవారికి మాత్రమే ఉంచుకొన్న సంఘము. ఆ పెండ్లినాడు పంతులుగారి పక్షమున నిలిచినవారికి వెలి తప్పలేదు. మనువు మాట వినుమని ఆనాడు కేకలు వేసినవారు ఆ నాలుగవ యధ్యాయము చదివియుండిన బాగుండెడిది.

అప్పు విషయమునకే మరల వత్తము. 1938లో చెన్నరాష్ట్రపు కాంగ్రెసు మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును చేసినది. తీసికొన్న అసలునకు రెండింతలు చెల్లించిన రైతు ఋణము అసలుతో సహా తీరినట్లేయని అందొక విధి. సర్కారు జిల్లాల లోను రాయలసీమ లోను ఎన్ని కుటుంబముల భూములు దానివలన నిలిచినవో పెద్దలు చెప్పుకొనుట మేము వింటిమి. డెబ్బదిరెండేండ్ల తరువాత, 2010 అక్టోబరులో, సూక్ష్మఋణ సంస్థల వసూళ్లు తాళలేక పేద స్త్రీలు ప్రాణములు తీసికొన్న వార్తలు వరుసగా రాగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, పిదప చట్టము చేసినది. అప్పుపై వసూలు చేయు వడ్డీ అసలును మించరాదని ఆ చట్టములో వ్రాసిరి! వ్రాసినవారికి గౌతముడు జ్ఞప్తికి వచ్చెనో లేదో మేము చెప్పజాలము. రెండు వేల యేండ్ల నాటి మేరరాయి దగ్గఱకే వారును వచ్చి నిలిచిరి.

ఫలితము మాత్రము మిశ్రమముగనే యుండెను. కిస్తులు నిలిచిపోయినవి, సంస్థలు కొన్ని కూలినవి. వానితో పాటు న్యాయముగా అప్పిచ్చు త్రోవలును మూతబడి, పేదవారు మరల ఊరి వడ్డీవ్యాపారి గుమ్మమే ఎక్కవలసి వచ్చినది. 2011లో రిజర్వు బ్యాంకు ఇట్టి ఋణములకు ఏటికి నూటికి 26 హద్దుగా పెట్టి, 2022లో వడ్డీపై హద్దులను తీసివేసి, వడ్డీ మితిమీఱరాదని మాత్రము చెప్పి ఊరకున్నది. రిజర్వు బ్యాంకులో నమోదైన సంస్థలకు ఆ రాష్ట్రచట్టము వర్తింపదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పినది. ఈలోగా చేతిఫోనులోనే క్షణములో అప్పిచ్చువారు బయలుదేరిరి. అప్పు తీసికొనువాని ఫోనులోని బంధుమిత్రుల పేర్లన్నియు పట్టుకొని, కిస్తు తప్పిన నాడు వారందఱికి ఇతనిని దొంగయని చాటింపు వేయుట వీరి పద్ధతి. పూర్వము అప్పులవాడు గుమ్మము ముందు కూర్చుండి అల్లరి చేసెడివాడు; ఇప్పుడు గుమ్మమునకు రానక్కఱలేదు. చట్టము వెనుకనే పరుగెత్తుచున్నది, వడ్డీ ముందు పోవుచున్నది. అప్పిచ్చువాని మనస్సులో మేర లేనప్పుడు పుస్తకములోని మేర ఎంతవఱకు నిలుచును?

తప్పంతయు అప్పిచ్చువానిదేనా యని యొక మిత్రుడు మమ్మడిగెను. కాదు. ఆస్పత్రి కొఱకును విత్తనముల కొఱకును అప్పు చేయువాడు వేఱు. పొరుగువాని పెండ్లిపందిరి కంటె తన పందిరి రెండు బారలు పెద్దదిగా నుండవలెనని అప్పు చేయువాడు వేఱు. 1961 నుండి నిషేధింపబడిన కట్నమును ఇచ్చుటకు నేటికిని అప్పు చేయు తండ్రులు గలరు. ఇక జూదము! భారతకథయంతయు ఒక జూదపు పలక చుట్టు తిరుగుచుండగా, ఆ కథను పారాయణము చేయు ఇండ్లలోని కుఱ్ఱవాండ్రు అర్ధరాత్రి ఫోనులో పేకముక్కలు పంచుకొని పణము లొడ్డుచుండిరి. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టములు సవరించి నిషేధించినవి. కేంద్రప్రభుత్వమో, 2023 అక్టోబరు 1 నుండి ఒడ్డిన సొమ్మంతటిపై నూటికి 28 పన్ను వసూలు చేసి, 2025 ఆగస్టులో డబ్బొడ్డు ఆటలనే నిషేధించు చట్టము చేసినది. కౌటిల్యుడును జూదమును ఒక్కచోట చేర్చి, గెలుపులో నూటికి 5 రాజునకు పుచ్చుకొమ్మనెను. అందులో పాలకులకు ఆదాయము, దొంగలను కనిపెట్టు సదుపాయము రెండును గలవు. ఆయన కంటె అయిదింతలకు మించి పుచ్చుకొన్న మన పాలకులు రెండేండ్ల లోపుననే ఆ సొమ్మును వదలుకొనుట మెచ్చదగినదే. కాని ఆ రెండేండ్లలో మునిగిన సంసారముల లెక్క ఏ ఖజానా పుస్తకములోను ఉండదు.

కోరికకు మేర పెట్టుట పండితులకే సాధ్యమని తలపవలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చుకొనుచున్న స్త్రీలు సారా అంగడిని మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధింపవలసి వచ్చినది. పిదప ఆ జిల్లాలోనే దినమున కొక్క రూపాయి చొప్పున కూడబెట్టు పొదుపు సంఘములు వెలసినవి. భర్తల తాగుడును ఆపి, మిగిలిన కూలిడబ్బును కూడబెట్టి, దానిని తమలో తాము అప్పుగా ఇచ్చుకొనిన ఈ స్త్రీలు త్రివర్గమను మాటను విననైన వినియుండరు. ఇచ్చువారును పుచ్చుకొనువారును ఒకే చాపపై కూర్చుండిన చోట వడ్డీ ఎంతయని పెద్ద తగవు రాదు. ఎవరి యింట రోగమో, ఎవరి యింట పెండ్లియో అందఱికి తెలియును గనుక.

మోక్షమును గూర్చి మేము చెప్పదగినది స్వల్పము. అది గురుముఖమున తెలియవలసిన విషయము, పత్రికాముఖమున గాదు. ఒక్క మాట మాత్రము: పూట గడవనివానికి మోక్షమును బోధించి వాని కూలిని తగ్గించువాడు నాలుగు పురుషార్థములను ఒక్క వాక్యముతో అవమానించుచున్నాడు. త్యజించుటకు మొదట చేత ఏమైన ఉండవలెను గదా!

ఇంతకును మేము కోరునది చిన్నది. ఋణమిచ్చు సంస్థ వడ్డీ రేటును, మొత్తము చెల్లింపవలసిన సొమ్మును తెలుపు పత్రమును తీసికొనువానికి అర్థమగు భాషలో ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు 2022లోనే విధించియున్నది. ఇచ్చుచున్నారేమో, చదువువారేరి? 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము నెలకొన్న నాటినుండి మన పఠనమందిరములలో చదువు రానివారికి పత్రికలు చదివి వినిపించు ఆచారముండెను. ఆ ఆచారమును అప్పు కాగితములకు ఏల వర్తింపజేయరాదు? వారమున కొక సాయంకాలము, లెక్కలు తెలిసిన ఇద్దఱు పఠనమందిరపు వాకిట కూర్చుండి, కాగితము తెచ్చినవారికి అసలెంత, వడ్డీ యెంత, నెలకెంత, తప్పిన దండుగ యెంత, మొత్తము ఎంత యని తెలుగులో చదివి చెప్పవలెను. వేలిముద్ర పడుటకు ముందే ఆ పని జరుగవలెను. ఇందుకు పూనుకొను పఠనమందిరముల పేర్లను, వారు కూర్చుండు దినమును మాకు వ్రాసి పంపిన, వచ్చు సంచికనుండి ఈ పుటలోనే ప్రకటింతుము.